తాడు లేని బావి

ఇల్లు కొనబోయేవాళ్ళు నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. బళ్ళో నాతో పనిచేసేవాళ్ళు, చర్చిలో తెలిసినవాళ్ళు. టీచరమ్మ, కాగితాలు చదవడం వచ్చు, పైగా ఒక ఇల్లు కొని అమ్మిన అనుభవం ఉందని. నేనూ కళ్ళజోడు సర్దుకుని పెద్దరికంగా చెబుతాను. లింకు డాక్యుమెంట్లన్నీ చూడండి, తాకట్టులేవీ లేవని ఈసీ తీయించండి, సర్వేయరుని పెట్టి హద్దులు కొలిపించండి, తుఫానప్పుడు నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో గోడమీద మరక చూడండి. వాళ్ళు బుద్ధిగా రాసుకుని దండం పెట్టి వెళ్ళిపోతారు. అసలు చెప్పాల్సిన మాట ఒకటుంది. అది నా నోట రాదు. అది చెబితే నాకెలా తెలిసిందో కూడా చెప్పాలి మరి.

మా పేట కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, ఊరికి పావుగంట నడకలో ఉంటుంది. తాతల నాడు అందరూ కామందుల చేలల్లో పనిచేసినవాళ్ళే. మా నాన్న చదువుకుని ఎలిమెంటరీ బడికి హెడ్మాస్టరయ్యాడు. ఊరంతా ఆయన్ని మాస్టారూ అనే పిలిచేది. గారులకీ అండీలకీ మా వైపు ఏనాడూ లోటు లేదు. లోటల్లా మంచినీళ్ళ గ్లాసు దగ్గర. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడినవాళ్ళే, నీళ్ళడిగితే అరుగు చివర బోర్లించి ఉన్న గ్లాసు తీసి అందులో పోసేవారు. కూలీలకిచ్చే గ్లాసు అది. తాగాక మనమే కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాలి. ఒకసారి ఆయన అలా కడుగుతుంటే ఆయన దగ్గర చదువుకునే పిల్లలు చూశారట. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఒక రూలు వచ్చింది. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు అడక్కూడదు, నాలుక పిడచగట్టుకుపోయినా సరే. అడగనివాణ్ణి ఎవడూ అవమానించలేడు అనేవాడు నాన్న. ఆ తెలివితేటలే మా కొంప ముంచాయి.

మా అమ్మది ఇంకో బాధ. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పేటకి నీళ్ళ వసతి లేదు. ఊళ్ళోవాళ్ళ బావి దగ్గర బిందె కిందపెట్టి దూరంగా నిలబడాలి. ఎవరో ఒకరికి దయ కలిగి చేదతో తోడి ఎత్తునుంచి పొయ్యాలి. కొందరు వెంటనే పోసేవారు. కొందరు కబుర్లాడుకుంటూ, జడ విప్పుకుంటూ, చూసి కూడా చూడనట్టు ఉండేవారు. ఒక ఎండాకాలం పొద్దున్న నిలబడీ నిలబడీ, ఉత్త బిందెతోనే ఇంటికెళ్ళి తల్లిచేత దెబ్బలు తిందట. పెళ్ళయి మా పేటకి వచ్చేసరికి ఇక్కడ పంచాయతీ కుళాయి ఉంది, కానీ కుళాయి దగ్గర మళ్ళీ వరస, మళ్ళీ తగవు, మళ్ళీ నిలబడ్డం. అందుకని ఇల్లు కొందామని నాన్న అన్న రోజున ఆమె అడిగింది ఒక్కటే.

"ఇల్లు ఎలాంటిదైనా ఫర్లేదండీ. బావి ఉండాలి. పొద్దున్నే లేచి నా తాడుతో నేను తోడుకోవాలి. ఎవరి మొహమూ చూడక్కర్లేకుండా."

తొంభైల మొదట్లో మా వైపు వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చెయ్యడం మొదలైంది. ముందు తవ్వినవాళ్ళలో ఊళ్ళో ఒక కామందు ఉన్నాడు. ఇంటి వెనకాల చేనంతా చెరువైపోయింది. రొయ్య కలిసొచ్చి ఆయన అమలాపురంలో మేడ కట్టుకున్నాడు. ఊళ్ళో ఇల్లు అమ్ముతానన్నాడు. పెద్ద పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు, పెరట్లో బావి. నాన్న భయం భయంగా కబురు పెడితే ఆయన మనిషిని పంపి మరీ పిలిపించాడు.

"మీలాంటి చదువుకున్నవాళ్ళు మా వీధిలోకొస్తే మాకే గౌరవమండీ, మాస్టారూ," అన్నాడు.

నాన్న ఇంటికొచ్చి ఈ మాటని కనీసం పదిసార్లు చెప్పాడు. ఊళ్ళోవాళ్ళ వీధిలో పేటవాడికి ఇల్లు అమ్మడం అప్పటిదాకా ఎవరూ ఎరగరు. వాళ్ళవాళ్ళు ఎవరూ ఎందుకు కొనలేదో ఆయనకి తట్టలేదు. కాలం మారిపోయిందనుకున్నాడు. ఆదివారం చర్చిలో నిలబడి ఆ కామందు కోసం ప్రార్థన కూడా చేయించాడు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. నేనూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను.

ఇల్లు చూడటానికి నాలుగుసార్లు వెళ్ళాం, నాన్న, అమ్మ, నేను. వెళ్ళిన ప్రతిసారీ అరుగుమీద కుర్చీలు వేయించేవారు. "ఎండనపడి వచ్చేరు, బొండాలు తాగండి," అనేది కామందుగారి భార్య. మా పేటవాడే, కొబ్బరి దింపు తీసేవాడు ఒకడు వాళ్ళ దగ్గర ఉండేవాడు. చెట్టెక్కి మూడు బొండాలు దింపి, చెక్కి, మూతి తీసి మా చేతుల్లో పెట్టేవాడు. కాఫీ లేదు, మజ్జిగ లేదు, మంచినీళ్ళు లేవు. నాలుగుసార్లూ బొండాలే.

మాకు అర్థమైపోయిందనుకున్నాం. బొండానికి గ్లాసు అక్కర్లేదు. తాగి పారేస్తారు, ఏదీ మైలపడదు. ఎంత మర్యాదగా తప్పించుకుంటున్నారో చూడు అంది అమ్మ తిరిగొస్తూ. కోపంగా కాదు, మెచ్చుకోలుగానే అంది. నాన్న అయితే ఇంకో అడుగు ముందుకేశాడు.

"పోనీలే, వాళ్ళు ఆ గ్లాసు తియ్యకుండా మనల్ని కాపాడుతున్నారు. ఆ గ్లాసే వస్తే నేను లేచి వచ్చెయ్యాలి. లేచి వస్తే ఇల్లు పోతుంది. ఎవరూ నీళ్ళు అడక్కండి."

రెండోసారి వెళ్ళినప్పుడు అమ్మ పెరట్లోకి వెళ్ళి బావి చూసింది. నేనూ పక్కనే ఉన్నాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున ఒర కూడా కనిపిస్తోంది. అమ్మ గట్టుమీదకి వంగి చూసి, లోపల తన మొహం చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది. గట్టు మీద గిలక ఉంది. గిలకకి తాడు లేదు. చేదా లేదు.

"మనం ముట్టుకుంటామని తాడు తీసేసి దాచుకున్నారే," అంది నా చెవిలో. "దాచుకోనీ. రిజిస్ట్రేషనయ్యేదాకా వాళ్ళ బావే కదా."

ఆ సంగతి నాన్నకి చెప్పనే లేదు, ఎక్కడ రోషపడతాడోనని.

నాన్న మాత్రం ఇల్లు కొనడంలో ఆరితేరినవాడిలా నోటుబుక్కు పెట్టుకున్నాడు. ఈసీ తీయించాడు. లింకు డాక్యుమెంట్లు ప్లీడరుకి చూపించాడు. సర్వేయరు గొలుసు పట్టుకుని కొలుస్తుంటే వెనకాలే నడిచి రాళ్ళు లెక్కపెట్టాడు. దూలాలు చిటికెనవేలితో తట్టి చెదలు చూశాడు, పెంకులు ఎక్కి చూశాడు. వాస్తు మనకి లేదంటూనే బావి ఈశాన్యంలో ఉందా లేదా అని దిక్సూచి తెచ్చి చూశాడు. ఉంది. ఇరుగుపొరుగుని కనుక్కున్నాడు. ఇల్లు బంగారమండీ అన్నారు కుడిపక్కవాళ్ళు. ఆయ్, మీరు రావడం మా అదృష్టమండీ అన్నారు ఎడమపక్కవాళ్ళు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడగనిది చెప్పలేదు, అంతే. మా పేటలో కనుక్కుందామన్నా ఏం లాభం? తరాలుగా ఆ వీధిలో పనిచేసినా, ఆ బావి నీళ్ళ రుచి చూసినవాడు మా పేటలో ఒక్కడు లేడు.

గృహప్రవేశానికి పాస్టరుగారినీ పేటలో పెద్దల్నీ పిలిచాం. నలభైమంది దాకా వచ్చారు. ఆ వీధిలో మావాళ్ళు చెప్పులేసుకుని అంతమంది నడిచి రావడం అదే మొదలు. అమ్మ అమలాపురం వెళ్ళి తాడూ, ఇత్తడి చేదా తనే బేరమాడి కొనుక్కొచ్చింది. ప్రార్థన అయ్యాక అందరూ పెరట్లోకి వచ్చి బావి చుట్టూ నిలబడ్డారు. పాస్టరుగారు బావి మీద చెయ్యి చాపి దీవించారు. అమ్మ పట్టుచీర కొంగు దోపుకుని తాడు వదిలింది. గిలక కిర్రుమంది. నిండు చేద పైకి లాగి, కొత్త స్టీలు గ్లాసులో పోసి మొదటి గ్లాసు పాస్టరుగారికి ఇచ్చింది.

ఆయన తాగారు. గుటక వేశాక ఒక్క క్షణం ఆగారు. తరవాత మిగిలింది కూడా తాగేసి, "ఆయ్, దేవుని స్తోత్రం. బాగున్నాయమ్మా," అన్నారు.

గ్లాసులు చేతులు మారాయి. పెద్దమనుషులు తాగారు, ఆడవాళ్ళు తాగారు. తాగినవాళ్ళు తాగినట్టే మొహం పక్కకి తిప్పుకుని మూతి తుడుచుకున్నారు. బాగున్నాయి అన్నారు. చల్లగా ఉన్నాయి అన్నారు. అమ్మ మొహం వెలిగిపోతోంది, ఇంకో చేద, ఇంకో చేద అని తోడుతోంది. వరసలో నేనూ తాగాను. ఉప్పు. సముద్రంలో మునిగినప్పుడు నోట్లోకి పోయే ఉప్పు కాదు, దానికింకా ఏదో జిగట. నేను మింగేసి గ్లాసు కిందపెట్టాను. నలభైమంది ముందు ఆ మాట నేను మొదట అనడమా? అనలేదు. అతిథులందరూ అయ్యాక, తన చేత్తో తోడిన నీళ్ళు అమ్మ ఆఖర్న తాగింది.

ఆమె ఉమ్మలేదు. మింగింది. గ్లాసులోకి చూసింది, బావిలోకి చూసింది, తరవాత మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. మాలో ఒక్కరమూ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాం. అప్పుడు దింపు తీసేవాడు గుంపు వెనకనుంచి అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"చెరువులు తవ్విన రెండో ఏడే బావి పోయిందమ్మా. వాళ్ళు మంచినీళ్ళు కావిడితో తెప్పించుకునేవారు. మీరొచ్చే రోజున కావిడి మాత్రం మీరెళ్ళేకే రావాలని చెప్పేవారు."

"మరి నాతో ఒక్క మాట చెప్పకపోయేవా?" అన్నాడు నాన్న.

"వాళ్ళ చెట్లు ఎక్కి బతికేవాణ్ణండీ, మాస్టారూ."

అలా తెలిసింది బొండాల సంగతి. మా గ్లాసు భయం వాళ్ళకి మాకంటే బాగా తెలుసు. తరాలుగా వాళ్ళు పెట్టిన భయమే కదా. పేటవాళ్ళు నోరు తెరిచి నీళ్ళడగరు, తాడు లేకపోతే ఎందుకు లేదని అడగరు, అవమానమనుకుని మింగేసి ఊరుకుంటారు. మా రోషాన్ని అంత చక్కగా వాడుకున్నవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. వాళ్ళవాళ్ళు ఎవరైనా అయితే అరుగెక్కగానే ముందు మంచినీళ్ళు అడిగేవారు. అందుకే ఆ ఇల్లు మాకు అమ్మారు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి అమలాపురంలో ఆయన మేడకి వెళ్ళాడు. దారిపొడుగునా ఏం అడగాలో పళ్ళు కొరుకుతూ వల్లెవేసుకున్నాడు. కామందు ఎదురొచ్చి సోఫాలో కూర్చోబెట్టాడు. నాన్న గొంతు పెద్దది చేసి నీళ్ళ సంగతి ఎత్తగానే ఆయన చాలా నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"అయ్యో మాస్టారూ, మీరు అడగలేదు కదండీ. అడిగుంటే నేను దాస్తానాండీ? అన్నీ రాసుకున్నారు కదా, అదీ చూసుకునే ఉంటారనుకున్నాను."

తరవాత లోపలికి కేకేశాడు, మాస్టారికి మంచినీళ్ళు తెమ్మని. ఆయన భార్య ట్రేలో రెండు గాజుగ్లాసులు తెచ్చింది. వాళ్ళు తాగే గ్లాసులే. నా ఒళ్ళు మండిపోయింది. విసిరికొడతాడనుకున్నాను నాన్న. ఆయన గ్లాసు వంక చాలాసేపు చూసి, మొత్తం తాగాడు. ఆమె ఖాళీ గ్లాసు తన చేత్తోనే తీసుకుని లోపలికి పోయింది. కడగమనలేదు. మేం లేచి వచ్చేశాం.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏమన్నారండీ అంది.

"గాజుగ్లాసులో ఇచ్చేరు," అన్నాడు నాన్న. "నీళ్ళు తియ్యగా ఉన్నాయి."

అమ్మ ఆయన్ని జీవితంలో అంత అసహ్యంగా చూడటం నేను మళ్ళీ చూడలేదు. నేనూ అలాగే చూశాను. ఆయన ఆ తరవాత ఆ విషయం ఎత్తలేదు, మేం మాత్రం ఎత్తకుండా ఉండలేదు. పప్పు ఉడక్కపోతే ఎత్తేవాళ్ళం. పాలు విరిగితే ఎత్తేవాళ్ళం. సబ్బు నురగ రాకపోతే, నా జుట్టు పీచులా తయారైతే, "నాన్న నోటుబుక్కు ఎక్కడుంది, తెండి, ఇదీ రాద్దాం," అనేదాన్ని నేనే. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. నాకది సరదాగా ఉండేది.

బావులున్నవాళ్ళకెందుకని ఆ వీధి చివరికి అప్పట్లో కుళాయి గొట్టం వెయ్యలేదు. కావిడి పెట్టుకునే స్తోమతు మాకు లేదు. దాంతో అమ్మ పొద్దున్నే రెండు బిందెలు తీసుకుని పావుగంట నడిచి పేట కుళాయికి వెళ్ళేది, ఏ కుళాయి వరసలోంచి తప్పించుకుందామని ఇల్లు కొందో ఆ కుళాయికే. ఇప్పుడు ఆమె పేటమనిషి కూడా కాదు. "కామందుగారి ఇల్లాలు వచ్చింది, జరగండే," అని నవ్వేవారు ఆడవాళ్ళు, జరక్కుండా. వరసలో ఆఖర్న నిలబెట్టేవారు. ఎవరి మొహమూ చూడక్కర్లేదనుకున్న మనిషి పదేళ్ళపాటు రోజూ వాళ్ళందరి మొహాలూ చూసింది. ఒక్కనాడూ నాకు ఫలానా బాధగా ఉందని అనలేదు. బావిలో మాత్రం తొంగి చూసేది కాదు. బట్టలకి, గిన్నెలకి తోడుతున్నప్పుడు కూడా మొహం అటు తిప్పుకునే తాడు లాగేది.

నాన్న రెండువేల సంవత్సరం దాటాక పోయాడు. నాకు అమలాపురంలో టీచరుద్యోగం, సంసారం. అమ్మని నా దగ్గరికి తెచ్చుకోవాలంటే ఆ ఇల్లు వదిలించుకోవాలి. ఏడాదిపాటు ఎవరూ రాలేదు. చివరికి రాజోలు వైపు నుంచి ఒక జంట వస్తామన్నారు. అతనికి మా ఊరి దగ్గర కొత్తగా ఉద్యోగం పడింది. మా చర్చివాళ్ళే, మా లాంటివాళ్ళే. వాళ్ళు వచ్చే రోజున నేను పొద్దున్నే బస్సు దిగి ఇంటికి వెళ్ళాను. దారంతా ఒకటే మథన. నీళ్ళ సంగతి చెప్పాలా, అడిగితే చెప్పాలా, అమ్మ ఏమంటుంది. అమ్మ ఒప్పుకోదనే నా నమ్మకం. ఇంత పడ్డ మనిషి ఇంకొకరికి చెప్పకుండా ఉంటుందా?

పెరట్లోకి వెళితే గిలక ఒక్కటే ఉంది.

"తాడేదమ్మా?"

"తీసేసేను," అంది అమ్మ. అరుగుమీద మూడు కుర్చీలు వేసి తుడుస్తోంది. పాత దింపువాడు, ఇప్పుడు ముసలివాడైపోయాడు, చెట్టుకింద కూర్చుని బొండాలు చెక్కుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

ఇంట్లోకి వెళ్ళి డాక్యుమెంట్లు తీసి బల్లమీద వరసగా పేర్చాను.

వాళ్ళు వచ్చి వందనాలన్నారు. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. బొండం తాగి, నేరుగా పెరట్లోకి నడిచింది. బావి గట్టుమీదకి వంగి చూసి నవ్వింది. "మా ఇంట్లో నీళ్ళ మోతే సరిపోయిందండీ చిన్నప్పటినుంచీ. సొంత బావి ఉంటే చాలనుకునేదాన్ని," అంది. అప్పుడా అమ్మాయి, మేం నాలుగుసార్లూ అడగలేకపోయింది ఎంతో మామూలుగా అడిగేసింది.

"అత్తయ్యగారూ, కొంచెం మంచినీళ్ళిస్తారా?"

మావాళ్ళ ఇల్లు కదా, ఏ గ్లాసులో వస్తాయోనన్న భయం ఆమెకెందుకుంటుంది? నేను అమ్మ వంక చూశాను. పోనీలే, దేవుడే అడిగించాడు, ఇక చెప్పక తప్పదు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ బరువు నా మీంచి దిగినందుకు సంతోషించాను కూడా. అమ్మ ఇంట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ పొద్దున పేట కుళాయి దగ్గర వరసలో నిలబడి మోసుకొచ్చిన నీళ్ళు.

ఆ అమ్మాయి గడగడా తాగేసింది. "ఎంత తియ్యగా ఉన్నాయండీ మీ బావి నీళ్ళు!"

"ఆయ్," అంది అమ్మ.

అతను కాగితాలు చూశాడు, ఈసీ చూశాడు, గోడమీద తుఫాను మరక ఎంతెత్తుందో చూశాడు. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి అమ్మ కాళ్ళకి దండం పెట్టింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడ్డాను. పిలవాలంటే పిలవచ్చు, గట్టిగా కేకేస్తే వినిపించేంత దూరమే. తరవాత పెరట్లోకి వచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల నిన్ను నమ్మి అడిగింది కదమ్మా, నీకు మనసెలా ఒప్పింది అని అరిచాను.

అమ్మ గ్లాసు కడుగుతోంది. తల ఎత్తకుండానే అంది.

"ఆ రోజు నువ్వు నాకంటే ముందే తాగేవు కదా. నాకు చెప్పేవా?"

గ్లాసు బోర్లించి లోపలికి పోయింది. నెల తిరక్కుండానే రిజిస్ట్రేషను అయింది. వారసురాలిగా ప్రతి పేజీ కిందా అమ్మ సంతకం పక్కన నేనూ సంతకం పెట్టాను.